చలికాలం క్రీము కొనేముందు డబ్బా వెనక చదవండి

ఒడిశా కొండల్లో కోరాపుట్, సునాబేడ, సెమిలిగుడ వైపు ఉండే మన తెలుగువాళ్ళకి తెలిసిందే, డిసెంబర్ వచ్చిందంటే చేతిమీద గోరుతో గీస్తే తెల్లటి గీత పడిపోద్ది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది కదా, చలిగాలిలో తేమ తక్కువ, దానికితోడు పొగలు కక్కే వేడినీళ్ళు, సబ్బు, చర్మానికి కాపలాగా ఉన్న కాస్త కొవ్వు కూడా కడిగేసుకుంటాం. అప్పుడు ఏదో ఒక క్రీము తెచ్చి రాసేస్తాం, అది ఏ పని చేస్తుందో చూడం.

డబ్బా వెనక కనిపించే గ్లిజరిన్, యూరియా, హయాలురోనిక్ యాసిడ్ ఇవన్నీ నీటిని పట్టుకునే రకం. మరి ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి రావాలి? బరంపురం లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళో గాలి కొంత ఇస్తుందేమో గానీ కొండమీద పొడిగాలి ఇవ్వదు, అందుకని చర్మం లోపలి పొరల్లోంచే లాగుతాయి, పైన అడ్డు ఏమీ లేకపోతే అది కూడా ఆవిరైపోద్ది. మందుల షాపులో దొరికే చిక్కటి గ్లిజరిన్ నీళ్ళు కలపకుండా అలాగే ముఖానికి పట్టించొద్దు అనేది ఇందుకే.

ఆ అడ్డు పని చేసేది పెట్రోలియం జెల్లీ, లేబుల్ మీద పెట్రోలేటం అని ఉంటుంది. అమెరికాలో రాబర్ట్ చీజ్‌బ్రో 1872లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చర్మంలోంచి ఆవిరయ్యే నీటిని 98 శాతం దాకా ఆపగలదు, ఈ ఒక్క పనిలో వేల రూపాయల క్రీములు కూడా దీన్ని దాటలేవని నా గట్టి నమ్మకం. కాకపోతే దీంట్లో నీళ్ళు ఉండవు, కాబట్టి స్నానం అయ్యాక తువ్వాలుతో అద్దుకుని ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే పల్చగా రాయాలి, పూర్తిగా ఆరాక రాస్తే సగం లాభం పోయినట్టే.

ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి, ఈ జిడ్డు ఇంకిన దుప్పటి, స్వెట్టర్ నిప్పు తగిలితే మామూలు బట్టకంటే తొందరగా అంటుకుంటాయి. 2018లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ కూడా దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. మనవైపు పొద్దున్నే చలిమంట చుట్టూ కూర్చునే అలవాటు, ముసలివాళ్ళకి ఒంటినిండా రాసి కుంపటి పక్కన కూర్చోబెట్టేస్తాం, అలా చెయ్యకండి.

పసిపిల్లలకి ఆవనూనె మాలిష్ ఒడియా ఇళ్ళల్లో ఉన్నదే, పక్కింటివాళ్ళని చూసి మనమూ మొదలెట్టాం. పెద్దవాళ్ళ ప్రేమని తప్పు పట్టట్లేదు గానీ, 2002లో వచ్చిన ఒక పరిశోధనలో దెబ్బతిన్న ఎలుక చర్మం ఆవనూనె రాస్తే కోలుకోవడం ఆలస్యమైంది, పొద్దుతిరుగుడు నూనె రాస్తే తొందరగా కోలుకుంది, నేనైతే రెండోదే రాయమంటాను.

మడమల పగుళ్ళకి యూరియా క్రీము బాగా పనిచేస్తుంది, 5 నుంచి 10 శాతం అయితే తేమ నిలుపుతుంది, 20 దాటితే గట్టిపడిన తోలుని మెత్తబరిచి ఊడదీస్తుంది, అది ముఖానికి, చిన్నపిల్లలకి వద్దు. రక్తం కారే పగులు మీద రాస్తే భగ్గున మండుద్ది, ముందు మాననివ్వండి. షుగర్ ఉన్నవాళ్ళు మడమలకి, పాదాలకి రాసుకోవచ్చు గానీ కాలివేళ్ళ సందుల్లో రాయకూడదు, అక్కడ చెమ్మ నిలిచి ఒరుస్తుంది.