వియత్నాంలో మన అట్టు

చిన్నీకి, బుజ్జిగాడికి అమ్మమ్మ ఆశీస్సులు.

వేసవి సెలవులకు వియత్నాం టికెట్లు తీసుకున్నామని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. సూట్‌కేసులో పెట్టాల్సిన వాటి లిస్టు కూడా చదివింది. సగం పచ్చళ్లూ, పొడులూ, కారప్పూసే. అది నేను నేర్పిన బుద్ధే కాబట్టి కోప్పడలేకపోయాను. అందుకే మీకు రాస్తున్నాను.

నేనూ తాతయ్యా వెళ్లినప్పుడు ఆవకాయ సీసా మూత వదులై నా గద్వాల చీరంతా నూనె అయింది. పోనీ చీర సంగతి వదిలేయండి. టూరువాళ్లు రోజూ రాత్రి ఇండియన్ హోటల్‌కే తీసుకెళ్లి పప్పు, పన్నీరు పెట్టేవారు. ఇంత దూరం వచ్చి పన్నీరు తినడమేమిటని, నాలుగో రోజు దా నాంగ్‌లో ఇద్దరం చెప్పకుండా జారుకున్నాం.

ఒక సందులో చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు వేసి ఉన్నాయి. తాతయ్య మోకాళ్లు పట్టుకుని కష్టంగా కూర్చున్నారు. ఎదురుగా ఒకావిడ వరసగా చిన్న పెనాలు పెట్టుకుని, పసుపు కలిపిన బియ్యప్పిండి జారుగా పోస్తోంది. చుయ్యిమంది. ఆ వంట పేరే బాన్ సెయో. సెయో అంటే పిండి పెనం మీద పడగానే వచ్చే ఆ చప్పుడేనట! మన అట్టులా మినప్పప్పు వేయరు, పులియబెట్టరు. పైన రొయ్యలు, పంది మాంసం, పెసర మొలకలు వేసి సగానికి మడుస్తారు. మాకు రొయ్యలు చాలని సైగ చేస్తే ఆవిడ నవ్వి తలూపింది.

తినడం మాత్రం మాకు తెలియలేదు. తాతయ్య తుంచి నోట్లో పెట్టుకోబోతే, ఆవిడ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని ఆపింది. పూతరేకుల రేకు చూశారుగా, అలాంటిదే ఇంకాస్త మందంగా ఉండే బియ్యం రేకు తీసి, దాంట్లో అట్టు ముక్క పెట్టి, పుదీనా, తులసి లాంటి ఆకులు, దోసకాయ పేర్చి, చుట్టచుట్టి, వేరుశనగ చట్నీలో ముంచి ఆయన నోటికి అందించింది. నా నలభై ఏళ్ల కాపురంలో నేనెప్పుడూ అలా తినిపించలేదు. ఆయన ఆరు తిన్నారు.

మీరు నేర్చుకోవాల్సిన మాటలు నాలుగే. గా అంటే కోడి, కా అంటే చేప, బో అంటే ఆవు మాంసం, హెవ్ అంటే పంది. హనోయి వైపు పందిని లోన్ అంటారు. రాగం మారితే మాట మారిపోతుంది కాబట్టి ఫోన్లో రాసి చూపించడమే మేలు. బుజ్జిగాడు ఫ తింటానంటున్నాడట. అది బియ్యపు నూడుల్స్ సూప్. మాంసం ముక్కలు తీసెయ్యమంటే సరిపోదు, ఆ రసమే ఎముకలు గంటల తరబడి మరిగించి తీస్తారు. కోడిది కావాలంటే ఫ గా అనాలి. కూరల్లో నెత్తళ్లు ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం పడుతుంది. వాసన చూసి ముక్కు మూసుకోకండి. మన ఎండుచేపల పులుసు వాసన వాళ్లకు ఎలా ఉంటుందో!

చిన్నీ, నీకు మాంసం వద్దు కదా. చై అని బోర్డున్న కొట్టు వెతుక్కో. చాయ్ కాదు, శాకాహారం. అక్కడ చాలామంది బౌద్ధులు అమావాస్యకు, పౌర్ణమికి మాంసం ముట్టరు. ఆ రోజుల్లో చై కొట్లు కిటకిటలాడతాయి. మా అత్తగారు విని ఉంటే ఎంత సంతోషించేదో.

హనోయిలో గుడ్డు కాఫీ తాగండి. 1946లో పాలకు కరువొస్తే, ఒక పెద్ద హోటల్లో పనిచేసే గియాంగ్ అనే ఆయన పచ్చసొన గిలకొట్టి, ఆ నురగను పాలకు బదులు వేశాడు. నీచు వాసన ఏమీ రాదు, జున్ను తిన్నట్టుంటుంది. వచ్చేటప్పుడు నాకు వాళ్ల కాఫీ ఫిల్టరు ఒకటి తెండి. కప్పు మీదే పెట్టుకునే చిన్నది, ఫిన్ అంటారు.

ఒక్క మాట. ఆ వేరుశనగ చట్నీలో మామూలుగా పంది కాలేయం కూడా నూరి వేస్తారట. వచ్చాక తెలిసింది. మీరు ముందే అడిగి తినండి. తాతయ్యకు మాత్రం చెప్పకండి, ఇప్పటికీ ఆ రుచే తలుచుకుంటున్నారు.

మీ అమ్మమ్మ