చేతిలో తెల్లకర్ర, చూపు ఫోన్‌లో: కొన్ని అపోహలు, వాస్తవాలు

చూపు తగ్గినవాళ్లకు, పూర్తిగా పోయినవాళ్లకు నడక నేర్పడం నా పని. "నడక నేర్పడమేంటండీ, వాళ్ల కాళ్లు బాగానే ఉన్నాయిగా" అని మా ఇంటి ఓనరే అడిగాడు. తెల్లకర్రతో ఒంటరిగా వీధిలోకి వెళ్లిరావడం, బస్సెక్కడం, స్టవ్ వెలిగించుకోవడం, నోట్లు పోల్చుకోవడం... పద్నాలుగేళ్లుగా ఇదే. నేర్చుకునేవాళ్లతో పెద్దగా ఇబ్బంది ఉండదు. చుట్టూ ఉన్నవాళ్లకు సర్దిచెప్పేసరికే గొంతు పోతుంది.

అపోహ: చూపు లేదంటే అంతా చీకటే

నా దగ్గరకొచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఎంతో కొంత చూపుంటుంది. కొందరికి వెలుతురు తెలుస్తుంది. కొందరికి ఎదుటి మనిషి నీడలా కనిపిస్తాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా పూర్తి చీకటి గురించి మాత్రమే మాట్లాడదు. అద్దాలు పెట్టుకున్నాక కూడా రెండింట్లో మెరుగైన కంటి చూపు 3/60 కన్నా తక్కువుంటే అంధత్వం. అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి పోల్చుకునే అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరకొచ్చినా పోల్చుకోలేకపోవడం. ఇంకో లెక్క కూడా ఉంది. చూపు పరిధి 10 డిగ్రీల లోపుంటే, అదీ అంధత్వమే.

ఈ రెండో లెక్క దగ్గరే జనం తప్పులో కాలేస్తారు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బులో చాలామందికి ముందు రేచీకటి వస్తుంది. తర్వాత పక్కచూపు ఏళ్ల తరబడి కుంచించుకుపోతూ వస్తుంది. పేపరు గొట్టంలా చుట్టి దాన్లోంచి చూడండి. వాట్సాప్ మెసేజ్ చదవగలరు, కాళ్ల దగ్గరున్న బకెట్ కనపడదు.

ఈ జబ్బున్న ఒకామె, వయసు ముప్పై దాటదు, బస్సులో కర్ర ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూసుకుంటోంది. "ఫోన్ కనపడుద్ది గానీ రోడ్డు కనపడదా? సీటు కోసం ఏం నాటకాలమ్మా" అన్నాడు పక్కన నిలబడ్డాయన. నలుగురూ నవ్వారు. ఆమె కర్ర మడిచి బ్యాగులో పెట్టేసింది. సందవేళ దిగింది, డ్రైనేజీ మీద పలక లేదు, మడమ విరిగింది. మూడు నెలల తర్వాత నా దగ్గరకొచ్చి, "కర్ర పట్టుకుంటే నటన అంటారు, పట్టుకోకపోతే పక్కింటావిడ నవ్వినా చూడలేదు, పొగరంటారు. ఏం చెయ్యమంటారు మేడమ్?" అంది. నాకు జవాబు తోచలేదు. బ్యాగులోంచి కర్ర బయటికి తీయమన్నాను, అంతే.

వాళ్లత్తగారు ఈ జబ్బుని కోడలి జాతకం మీద వేసింది. ఈ జబ్బు చాలా కుటుంబాల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిస్తేనే వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. ఈమె అమ్మానాన్నలది మేనరికమే, అది కుదిర్చింది పెద్దవాళ్లే కదా!

అపోహ: ఒకటి తీసుకున్న దేవుడు చెవులకు రెట్టింపు శక్తి ఇస్తాడు

పుట్టుకతో చూపు లేనివాళ్ల మెదడులో చూపుకు కేటాయించిన భాగం కొంత వినికిడికి, స్పర్శకు పనిచేయడం నిజమే. కానీ షుగర్ వల్ల యాభై ఏళ్లకు చూపు పోయినాయనకు అదేదీ రాత్రికి రాత్రి రాదు. ఆయన చెవులు కూడా యాభై ఏళ్లవే. వినడం మేం నేర్పుతాం. ప్రహరీ గోడ పక్కన కర్ర చప్పుడు ఒకలా ఉంటుంది, గేటు దగ్గర ఖాళీ రాగానే మారుతుంది. ఆ తేడా చెవికెక్కడానికి వారాలు పడుతుంది. వినాయక చవితి డీజేల వీధిలో అయితే అదీ పనిచేయదు. ఎలక్ట్రిక్ స్కూటర్ల సంగతి చెప్పక్కర్లేదు, మీదకొచ్చేదాకా వినపడవు.

అపోహ: కర్ర ఉంటే చాలు, అన్నీ తెలిసిపోతాయి

కర్ర రొమ్ము ఎముక ఎత్తుకుండాలి. చెయ్యి బొడ్డుకు ఎదురుగా పెట్టి, మణికట్టు మాత్రమే ఆడిస్తూ, కుడికాలు వేసినప్పుడు ఎడమ వైపు, ఎడమకాలు వేసినప్పుడు కుడి వైపు తాకించాలి. అలా అడుగు వేయబోయే చోటుని కర్ర ముందే చూసొస్తుంది. కానీ అది నడుము కింద సంగతులే చెప్తుంది. వీధిలోకి తెరిచిన కిటికీ రెక్క, పుట్టినరోజు ఫ్లెక్సీకి కట్టిన వెదురు బొంగు, లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు ముఖానికి తగిలాకే తెలుస్తాయి. నా దగ్గరకొచ్చేవాళ్లలో చాలామంది నుదుటి మీద మచ్చ ఉంటుంది.

అపోహ: చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే సాయం

వెనక నుంచి భుజాలు పట్టి తోసేవాళ్లు, కర్ర చివర పట్టుకుని లాగేవాళ్లు, అంతా మంచోళ్లే. కర్ర లాగితే మాత్రం వాళ్లకున్న ఒక్క ఆధారాన్నీ లాగేసినట్టే. ముందు "సాయం కావాలా అండీ" అని అడగండి. వద్దంటే వదిలేయండి, వాళ్లేమీ మిమ్మల్ని అవమానించలేదు. కావాలంటే మీ మోచెయ్యి అందించండి. వాళ్లు దాన్ని పట్టుకుని అరడుగు వెనక నడుస్తారు. మీ ఒళ్లు కదిలే తీరుతోనే మెట్టు వచ్చిందో, మలుపు వచ్చిందో తెలిసిపోతుంది. కుర్చీ చూపించాలంటే వాళ్ల చెయ్యి కుర్చీ వీపు మీద పెడితే చాలు. అక్కణ్నుంచి వెళ్లిపోయేటప్పుడు చెప్పి వెళ్లండి. లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతారు. పెళ్లిభోజనంలో విస్తరిని గడియారం అనుకుని "పప్పు పన్నెండు దగ్గర, పచ్చడి మూడు దగ్గర" అంటే ఎవరూ కలిపి పెట్టక్కర్లేదు. ఇంకొక్కటి: "ఆయనకేం వడ్డించమంటారు?" అని పక్కనున్న భార్యను అడక్కండి. పోయింది చూపే, నోరు కాదు.

అపోహ: ఒక్కరోజు కళ్లకు గంతలు కట్టుకుంటే వాళ్ల బాధ తెలుస్తుంది

కాలేజీల్లో ఈ కార్యక్రమానికి నన్ను పిలుస్తుంటారు, నేను వెళ్లను. గంట సేపు గంతలు కట్టుకుంటే తెలిసేది తడుముకునే మొదటి గంట భయమే. పదేళ్ల అలవాటు తెలియదు. గంతలు విప్పాక పిల్లలు "పాపం" అంటూ బయటికొస్తారు. ఆ పాపం నాకేం పనికిరాదు, కాలేజీ మెట్ల అంచున పసుపు రంగు వేయిస్తే పనికొస్తుంది.

అపోహ: పెన్షన్ వస్తోందిగా, ఇంకేం కావాలి

ఆంధ్రలో 2024 జులై నుంచి నెలకు 6,000, తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు. తీసుకోవాల్సిందే, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఒకటో తారీఖు ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతోందన్నదే నా ప్రశ్న. అందుకే నోట్ల పాఠం ముందు పెడతాను. వంద నోటు అంచున నాలుగు గీతలు, ఐదొందలకు ఐదు, రెండొందలకు నాలుగు గీతల మధ్య రెండు చుక్కలు తడిమితే తగులుతాయి. నలిగిన నోట్ల మీద అవి అరిగిపోతాయి కాబట్టి కొలత కూడా నేర్పుతాం. కొత్త నోట్లలో వంద కన్నా రెండొందలు, రెండొందల కన్నా ఐదొందలు నాలుగేసి మిల్లీమీటర్లు పొడుగు. నాలుగు మిల్లీమీటర్లే! అందుకే కుర్రాళ్లు స్క్రీన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఫోన్‌పే వైపు వెళ్లిపోయారు. అక్కడా కేవైసీ, అంటే మనం ఎవరో రుజువు చేసుకునే తనిఖీ, దగ్గర "కళ్లు ఆర్పండి" అంటుంది. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న దీని మీద గట్టిగానే చెప్పింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమంది, కేవైసీ పద్ధతులు మార్చమని ఆదేశాలిచ్చింది.

బస్సులో కర్ర మడిచేసిన ఆమె మొన్న ఫోన్ చేసింది. కర్ర చివరి తొడుగు అరిగిపోయిందట, ఇంకోటి పంపమంది. ఫొటో పెట్టమన్నాను. ఒక పక్కకే అరిగింది. చెయ్యి మధ్యలో పెట్టట్లేదన్నమాట. తొడుగు పోస్టులో పంపాను, వచ్చే మంగళవారం ఒకసారి రమ్మన్నాను.