మే నెల ఎండ జులైలో లోపలికొస్తుంది

ఉత్తర ఐర్లాండ్‌లోని జెయింట్స్ కాజ్‌వే సందర్శకుల కేంద్రం ఫొటో పంపి ఒక పాఠకుడు అడిగారు: "మన హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో ఇలాంటిది కట్టొచ్చా? నెత్తిన మట్టి కప్పితే ఏసీ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?"

ఆ కేంద్రాన్ని 2012లో తెరిచారు. డబ్లిన్‌కు చెందిన హెనెగన్ పెంగ్ సంస్థ డిజైన్. పైకప్పంతా గడ్డి, జనం దాని మీదే నడుస్తారు. గోడలకు అక్కడి నల్ల బసాల్ట్ రాతి స్తంభాలు. కొండ మీద నుంచి చూస్తే కింద భవనం ఉందని చప్పున తెలీదు. అందం సంగతి ఆర్కిటెక్టులు చెబుతారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ మట్టిలో వేడి నడిచే తీరు.

బావి నుంచి ఇంటిదాకా మనుషులు వరసగా నిలబడి చెంబులతో నీళ్లు అందిస్తున్నారనుకోండి. ప్రతివాడూ ముందు తన చెంబు నింపుకుని, మిగిలిందే పక్కవాడికి ఒంపుతాడు. చివరివాడికి నీళ్లు ఆలస్యంగా, అదీ కాసిన్నే చేరతాయి. ఈలోగా పొద్దు గూకి బయట చల్లబడుతుంది. మొదటివాడు తన చెంబు బయటికే ఒంపేస్తాడు, రెండోవాడు మొదటివాడి చెంబులోకి ఒంపుతాడు. అంటే పగలు లోపలికి బయల్దేరిన వేడిలో చాలా భాగం దారిలోనే వెనక్కి మళ్లుతుంది. గోడ వేడిని ఆపలేదు, తిప్పి పంపింది. చెంబు పెద్దదైతే ఆలస్యం ఎక్కువ, చెయ్యి చురుకైతే తక్కువ. చెంబు అంటే ఉష్ణధారణ, చెయ్యి అంటే వాహకత. ఈ రెండిటి నిష్పత్తినే థర్మల్ డిఫ్యూజివిటీ అంటారు. మన పాఠాల్లో వాహకత ఒకచోట, విశిష్టోష్ణం ఇంకోచోట వస్తాయి. రెండిటినీ కలిపి గోడ ముందు నిలబెట్టే పంతులు దొరికితే అదృష్టం.

ఇక లెక్కలు. రోజువారీ ఎండ-చలి ఊగిసలాట మట్టిలో సుమారు 11 సెంటీమీటర్లు, గ్రానైట్‌లో 18 సెంటీమీటర్లు దిగేసరికి 37 శాతానికి పడిపోతుంది. మళ్లీ అంతే మందం దాటితే అందులో 37 శాతం. ప్రతి మెట్టుకూ దాదాపు నాలుగు గంటల ఆలస్యం. 54 సెంటీమీటర్ల రాతిగోడ అంటే మూడు మెట్లు: మిగిలేది 5 శాతం, ఆలస్యం పదకొండున్నర గంటలు. మధ్యాహ్నం రెండింటి వేడి రాత్రి ఒకటిన్నరకు, నీరసించి లోపలికొస్తుంది. అప్పటికి కిటికీలు తెరిచి ఉంటే అదీ బయటికి పోతుంది. (సూత్రం ప్రకారం గోడకు అంతులేని మందం ఉండాలి. నిజం గోడలో అంకెలు కొంచెం మారతాయి, కథ మారదు.)

ఇక్కడే చాలామంది పొరబడతారు. గోడ ఎంత మందమైనా మీకిచ్చేది ఆ రోజు సగటునే. మే నెలలో హైదరాబాద్‌లో పగలు 40, తెల్లవారుజామున 26 అనుకుంటే సగటు 33. ఫ్యాను కింద సర్దుకోవచ్చు గానీ చల్లదనం అనలేం.

అంతకన్నా చల్లన కావాలంటే రోజు సగటు చాలదు, ఏడాది సగటు పట్టుకోవాలి. ఏడాదికోసారి వచ్చే ఎండ-చలి అల ఎంత లోతుకు దిగుతుందో తెలియాలంటే రోజువారీ లోతును 365 వర్గమూలంతో, అంటే 19తో హెచ్చవేస్తే సరి. మట్టిలో సుమారు 2 మీటర్లు. అక్కడ ఊగిసలాట 37 శాతం, ఆలస్యం 58 రోజులు. మే ఎండ జులైలో చేరుతుంది, అప్పటికి పైన వానలు. ఇంకా లోతుకు వెళ్తే హైదరాబాద్ నేల ఏడాది పొడవునా 26-27 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. వానాకాలంలో మన గాలి మంచు బిందువు (గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) 22-23 కాబట్టి ఆ లోతులోని గోడలకు చెమ్మ పట్టే భయమూ తక్కువే.

బావినీళ్లు వేసవిలో చల్లబడి చలికాలంలో వేడెక్కుతాయని మన నమ్మకం. ఆరున్నర మీటర్ల లోతున ఋతువు నిజంగానే తలకిందులవుతుంది, కానీ అక్కడ మిగిలేది 4 శాతమే, పావు డిగ్రీ కూడా లేదు. నీళ్లు మారవు, మన ఒళ్లే మారుతుంది.

మరి ఖాజాగూడలో? అక్కడ 2 మీటర్లు దిగడమంటే 250 కోట్ల ఏళ్ల గ్రానైట్‌ను పేల్చడమే. ఆ గుండ్లు ఎవరో పేర్చినవి కావు. నేల లోపల పగుళ్ల వెంట నీరు దిగి రాతి అంచుల్ని మట్టి చేసింది, తర్వాత ఆ మట్టి కొట్టుకుపోయి మధ్యరాయి మిగిలింది. పేలిస్తే మళ్లీ రాదు. 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ పుట్టింది ఈ గుండ్లు మాయమైపోతున్నాయనే. కాబట్టి తవ్వొద్దు, గుండ్ల సందుల్లో దూరాలి. గోల్కొండ ఎక్కేటప్పుడు చూడండి: గోడ వచ్చి ఒక గుండును తాకి ఆగుతుంది, గుండు అవతల మళ్లీ మొదలవుతుంది. గుండే గోడలో భాగం, సందులో చిన్న రాళ్లు, సున్నం.

వాస్తు పండితులు నైరుతిలో ఎత్తుండాలంటారు. మే నెల సాయంత్రాల్లో మన సూర్యుడు వాయవ్యం వైపు జరిగి దిగుతాడు. నీడ కావాలంటే గుండు పడమటికీ వాయవ్యానికీ నడుమ ఉండాలి. ఈశాన్యంలో ఉందని దాన్ని పేల్చేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

పైకప్పు మీద 30 సెంటీమీటర్ల మట్టి చాలు, రోజువారీ అల 7 శాతానికి వస్తుంది. అయితే తడిస్తే చదరపు మీటరుకు అర టన్ను పైమాటే. దక్షిణాఫ్రికాలోని మపుంగుబ్వే కేంద్రం ఇందుకు మంచి దారి చూపింది. 2009లో వరల్డ్ బిల్డింగ్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంపికైన ఈ కట్టడానికి పీటర్ రిచ్ డిజైన్ చేశారు. స్థానికులు అక్కడి మట్టిలో కాస్త సిమెంటు కలిపి పలకలు అచ్చుపోశారు, వాటితో పలుచని కమాన్లు కట్టి పైన స్థానిక రాళ్లు పరిచారు. కమాను ఆకారం వల్ల బరువంతా నొక్కుడుగానే కిందికి పోతుంది, లాగుడు ఉండదు. అందుకే పైకప్పు మోయడానికి ఇనుము పెద్దగా అక్కర్లేదు. ఐర్లాండ్ పచ్చిక మాత్రం మనకొద్దు. ఏప్రిల్‌లో దానికి నీళ్లు పోయడం కన్నా ఏసీ నడపడమే నయం. బండల సందుల్లో తనంతట మొలిచే గడ్డి ఎండితే ఎండనీండి, పనిచేసేది మట్టి.

ఇక కాంక్రీటు పెట్టెకు 2 సెంటీమీటర్ల గ్రానైట్ పలకలు అంటించి "ప్రకృతిలో కలిసిపోయింది" అంటుంటారు. ఆ రాయి వరకూ లెక్క ఇది: అల 10 శాతం తగ్గుతుంది, ఆలస్యం 25 నిమిషాలు.