హామ్ ఉపగ్రహాల టెలిమెట్రీ: గడియారం లెక్క నుంచి ఐక్యూ ఫైలు దాకా

1961 డిసెంబరు 12న కక్ష్యలోకి చేరిన హామ్ (అభిరుచితో రేడియో నడిపేవారి) ఉపగ్రహం ఆస్కార్-1 మోర్స్ కోడ్‌లో పంపింది ఒక్క మాటే: హాయ్. 144.983 మెగాహెర్ట్జ్ మీద, 140 మిల్లీవాట్ల శక్తితో. లోపలి వేడిని బట్టి ఆ మాట వచ్చే వేగం మారేది కాబట్టి, గడియారం దగ్గర పెట్టుకుని హాయ్‌లు లెక్కపెడితే ఉష్ణోగ్రత తెలిసేది. 28 దేశాల్లోని 570 మందికి పైగా హామ్‌లు తాము విన్నది రాసి పంపారు.

1981లో వచ్చిన యూఓశాట్-1 టెలిమెట్రీని, అంటే తన స్థితిగతుల కొలతలను, 1200 బాడ్‌తో (సెకనుకు 1200 సంకేతాలు) పంపింది. మామూలు ఎఫ్‌ఎం రిసీవర్ స్పీకర్ నుంచి తీసుకున్న శబ్దమే దానికి సరిపోయింది. 1990లో యూఓశాట్-3 9600 బాడ్‌కు వెళ్లేసరికి రిసీవరే అడ్డయింది. స్పీకర్ వైపు ఫిల్టర్లు మనిషి గొంతు కోసం పెట్టినవి, డేటాకు కావలసిన పై పౌనఃపున్యాలనూ, అడుగు పౌనఃపున్యాలనూ అవి కోసేస్తాయి. డేటా పోర్టు లేని రిసీవరైతే మూత విప్పి, డిస్క్రిమినేటర్ (ఆ ఫిల్టర్లకు ముందే, రేడియో తరంగం నుంచి శబ్దాన్ని విడదీసే భాగం) దగ్గర టంకం వేసి తీగ బయటికి లాగాల్సిందే.

2012లో పరిస్థితి తిరగబడింది. ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న టీవీ డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న టీవీ రిసీవర్) ముడి ఐక్యూ నమూనాలను, అంటే రేడియో తరంగాన్ని ఉన్నదున్నట్టు అంకెలుగా మార్చినవాటిని, నేరుగా కంప్యూటర్‌కు ఇవ్వగలదని బయటపడింది. అందరూ దాని చవకదనం గురించే మాట్లాడారు. అంతకన్నా పెద్ద లాభం, ఒకసారి పట్టిన సిగ్నల్‌ను ఎన్నిసార్లయినా మళ్లీ డీకోడ్ చేసుకోవచ్చు. క్యూబ్‌శాట్‌లు (పెట్టె ఆకారపు చిన్న ఉపగ్రహాలు) ఒకే రాకెట్‌లో డజన్ల కొద్దీ వెళ్తున్నాయి. ఏ వస్తువు ఏ ఉపగ్రహమో తేలేందుకు రోజులు పడుతుంది, ఫ్రేమ్ ఫార్మాట్ (డేటా ముక్కల అమరిక) ఒక్కోసారి ఆలస్యంగా బయటికొస్తుంది. ఐక్యూ ఫైలుంటే డాప్లర్ వంపును (కదలిక వల్ల పౌనఃపున్యం మారే తీరును) కక్ష్య అంచనాలతో పోల్చి ఉపగ్రహాన్ని గుర్తుపట్టవచ్చు. తప్పు ఫిల్టర్‌తో ఆడియో మాత్రమే దాచుకుంటే ఆ పాస్ (ఉపగ్రహం మన ఆకాశంలో ఒకసారి దాటిపోవడం) పోయినట్టే.

రికార్డింగ్‌కు సెకనుకు 2,50,000 నమూనాలు చాలు. నమూనాకు రెండు బైట్లు, కాబట్టి పది నిమిషాల పాస్‌కు 300 మెగాబైట్లు. 24 లక్షలకు పెంచితే ఫైలు దాదాపు 2.9 గిగాబైట్లవుతుంది. పైగా యూఎస్‌బీ దగ్గర నమూనాలు జారిపోతే ఫ్రేములు మధ్యలో తెగుతాయి.

ఎక్కువగా దెబ్బతీసేది క్రిస్టల్ (డాంగిల్ పౌనఃపున్యానికి ఆధారమైన భాగం) తప్పిదం. 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తేడా ఉన్న డాంగిల్ 435 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 22 కిలోహెర్ట్జ్ పక్కకు పోతుంది. డాప్లర్ మార్పే అటూ ఇటూ 10 కిలోహెర్ట్జ్. ముందుగా తెలిసిన సిగ్నల్‌తో సరిచూసుకోవాలి, డాంగిల్ వేడెక్కి నిలకడపడ్డాకే రికార్డింగ్ మొదలుపెట్టాలి. గెయిన్‌ను (సిగ్నల్‌ను పెంచే మోతాదును) ఆటోమేటిక్‌కు వదలకూడదు. యాంటెనా తగిలించినప్పుడు నాయిస్ మట్టం కాస్త లేచే చోట ఆపాలి. అంతకు మించితే దగ్గర్లోని ఎఫ్‌ఎం స్టేషన్లు డాంగిల్ కొలవగల ఎనిమిది బిట్ల పరిధిని మింగేస్తాయి. కంప్యూటర్ గడియారం కూడా ఇంటర్నెట్ సమయంతో కలిసి ఉండాలి. ఉపగ్రహం సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు కదులుతుంది, కాబట్టి సమయం తప్పితే డాప్లర్ వంపు తప్పు కక్ష్యకు అతుక్కుంటుంది.

ఉపగ్రహాలను వినే స్టేషన్లను కలిపే శాట్‌నాగ్స్ నెట్‌వర్క్‌కు ఆ స్టేషన్లు పంపేది వాటర్‌ఫాల్ (సమయంతో పాటు పౌనఃపున్యాలను చూపే చిత్రం), ఆడియో, డీకోడైన డేటా. ఐక్యూ దాచడం స్టేషన్ యజమాని విడిగా పెట్టుకోవాల్సిన అమరిక. కొత్త ప్రయోగం జరిగినప్పుడు మొదటి వారమైనా దాన్ని ఆన్ చేసి, ఫైలు పేరులో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం, మధ్య పౌనఃపున్యం, నమూనా రేటు తప్పకుండా రాయాలి.