పద్నాలుగు జెర్సీల పిచర్

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నోడు ఒక మాట అడిగాడు. "తాతయ్యా, అన్ని టీమ్‌లు మారాడంటే ఎవరికీ అక్కర్లేదనేగా?" అని. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మనం మాట్లాడుకున్నది ఎడ్విన్ జాక్సన్ గురించి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఉన్నవి 30 టీమ్‌లు. ఆయన 14 టీమ్‌లకు ఆడాడు. ఐపీఎల్‌లో ఆరన్ ఫించ్ 9 టీమ్‌లకు ఆడాడంటేనే మీరు నోరెళ్లబెట్టారు కదా! ఇలాంటి ఆటగాణ్ని అక్కడ జర్నీమ్యాన్ అంటారు. జర్నీ అంటే ప్రయాణం కాబట్టి ఆ పేరొచ్చిందని నేనూ చాలాకాలం అనుకున్నాను. కానీ ఆ మాట 'రోజు' అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. పని పూర్తిగా నేర్చుకుని, సొంత దుకాణం లేక, రోజుకూలీకి పనిచేసేవాణ్ని పూర్వం అలా పిలిచేవారు. అంటే పని వచ్చినవాడన్నమాట.

పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే. కాకపోతే పరుగెత్తుకుంటూ రాడు. పది అంగుళాల ఎత్తు మట్టిదిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, నేలకు తగలకుండా విసురుతాడు. చెయ్యి వంచినా తప్పు లేదు. బ్యాటర్ మూడు బేస్‌లు, అంటే మజిలీలు, దాటి తిరిగి తన చోటికి, అంటే 'ఇంటికి' చేరితే ఒక పరుగు. గురి తప్పిన బంతులు నాలుగైతే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్తాడు. దాన్ని వాక్ అంటారు.

జాక్సన్ తండ్రి అమెరికా సైన్యంలో పనిచేశాడు. అందుకే 1983లో ఆయన పుట్టింది పశ్చిమ జర్మనీలో. సరిగ్గా ఇరవయ్యో పుట్టినరోజున, 2003 సెప్టెంబర్ 9న, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. అవతలి పక్క పిచర్ ర్యాండీ జాన్సన్, అప్పటికే మహా దిగ్గజం. కుర్రాడు గెలిచాడు. ఆ తర్వాత చెయ్యి అనుకున్నట్టు మాట వినలేదు, రెండేళ్లకే టాంపా బే టీమ్‌కి ఇచ్చేశారు.

మీకు వివరంగా చెప్పాల్సింది 2010 జూన్ 25 సంగతి. అప్పుడు ఆయన ఆడుతున్నది అరిజోనా టీమ్‌కి. ఆట పాత టీమ్ టాంపా బే మీద, వాళ్ల మైదానంలోనే. బేస్‌బాల్‌లో ఒక్కో టీమ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ముగ్గురు అవుటైతే ఒకటి ముగుస్తుంది. మొదటి మూడు ఇన్నింగ్స్‌లలోనే ఏడు వాక్‌లు ఇచ్చాడు. మూడో ఇన్నింగ్స్‌లో ఒక్కరూ అవుట్ కాకుండానే మూడు బేస్‌లూ నిండిపోయాయి, మూడూ వాక్‌లతోనే. ఊహించుకోండి ఆ టెన్షన్! చేతిలో ఉన్నది ఒక్క పరుగు ఆధిక్యం. అయినా ఒక్కణ్నీ ఇల్లు చేరనివ్వలేదు. తర్వాత బంతి దారిలో పడింది. మామూలుగా వంద దాటితే పిచర్‌ని మార్చేస్తారు, ఆయన ఆ రోజు 149 బంతులు వేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఒక్క హిట్ కూడా, అంటే బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం, ఇవ్వకుండా 1-0తో గెలిచాడు. ఎందరో గొప్ప పిచర్లకు జీవితంలో ఒక్కసారీ దక్కని నో-హిట్టర్ అది.

ఐదు వారాల తర్వాత, జులై 30న, అరిజోనా వాళ్లు ఆయన్ని షికాగో వైట్ సాక్స్‌కి ట్రేడ్ చేశారు, అంటే వేరే ఆటగాళ్లను తీసుకుని ఆయన్ని ఇచ్చేశారు.

నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇదే. ట్రేడ్‌కి మామూలుగా ఆటగాడి ఒప్పుకోలు అక్కర్లేదు. పదేళ్లు మేజర్ లీగ్‌లో ఆడి, అందులో చివరి ఐదేళ్లు ఒకే టీమ్‌లో ఉన్నవాడికి మాత్రం వద్దనే హక్కు ఉంది. ఒకే చోట ఐదేళ్లు ఉండనిస్తే కదా ఆ హక్కు వచ్చేది! జాక్సన్‌కి ఎక్కడా అన్నేళ్లు దొరకలేదు. నా సర్వీసులో నాకు ఆరు బదిలీలు. ప్రతిసారీ మీ నానమ్మ సామాను సర్దుతూ బియ్యం డబ్బా ఆఖర్న కట్టేది, కొత్త ఇంట్లో మొదట విప్పాల్సింది అదే కాబట్టి. పిచర్‌కి అలా మొదట విప్పుకోవాల్సింది క్యాచర్ సైగలు. వెనక కూర్చున్న క్యాచర్ ఏ బంతి వెయ్యాలో వేళ్లతో చెప్తాడు. కొత్త టీమ్ అంటే కొత్త వేళ్లు, కొత్త నమ్మకం. అదీ సీజన్ మధ్యలో, రేపే మ్యాచ్ పెట్టుకుని.

2011 జులై 27న అయితే ఒకే రోజు రెండు ట్రేడ్‌లు. షికాగో వాళ్లు టొరంటోకి ఇచ్చారు, టొరంటో వాళ్లు కొన్ని గంటల్లోనే సెయింట్ లూయిస్‌కి పంపేశారు. టొరంటో జెర్సీ వేసుకునే అవసరమే రాలేదు. అదే ట్రేడ్‌లో ఆయనతో పాటు వెళ్లిన ఇంకో పిచర్ ఆక్టావియో డోటెల్. ఆ తర్వాతి ఏడాది డోటెల్ 13 టీమ్‌లతో రికార్డు పెట్టాడు. ఆ రికార్డు దాటింది పక్కనున్న జాక్సనే! ట్రేడ్ జరిగిన ఆ 2011లోనే సెయింట్ లూయిస్ వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది, ఇద్దరికీ విజేతలకిచ్చే ఉంగరాలు వచ్చాయి.

ఇక చిన్నోడి ప్రశ్న. అబద్ధం చెప్పను. బేస్‌బాల్‌లో గెలుపోటములు పిచర్ పేరు మీద కూడా రాస్తారు. అలా జాక్సన్ గెలిచినవి 107, ఓడినవి 133. షికాగో కబ్స్ నాలుగేళ్లకు 5.2 కోట్ల డాలర్లిచ్చి తీసుకుంటే మొదటి ఏడాదే 18 మ్యాచ్‌లు ఓడాడు. చివరికి గడువు తీరకముందే పంపేశారు. కానీ సీజన్‌కి 162 మ్యాచ్‌లు నాన్నా. ఆగస్టు వచ్చేసరికి ఎవరి మోచెయ్యో, ఎవరి భుజమో దెబ్బతింటుంది. ఆ రోజు బంతి ఎవరో ఒకరు పట్టుకోవాలి. 2007 నుంచి 2013 వరకు, వరసగా ఏడేళ్లు, ఏటా 30కి పైగా మ్యాచ్‌లలో తన టీమ్‌కి మొదటి పిచర్‌గా దిగింది ఆయనే. అంత ఓర్చుకున్న చేతులు తక్కువ. మొత్తం 17 సీజన్లు ఆడాడు. పంపేసినవాళ్లను లెక్కపెట్టావు కదా, ప్రతిసారీ పక్కనే "రా" అన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లనీ లెక్కపెట్టు.

ఆ పద్నాలుగో టీమ్ ఏదో తెలుసా? టొరంటో. ఎనిమిదేళ్ల కిందట కొన్ని గంటలే ఉంచుకున్న ఆ టొరంటోనే, 2019 మే 15న ఆయనకు జెర్సీ ఇచ్చి దిబ్బ ఎక్కించింది. 2025లో రిచ్ హిల్ అనే 45 ఏళ్ల పిచర్ కూడా 14కి చేరి ఆ రికార్డు సమం చేశాడు. ఆయనది ఇంకో పెద్ద కథ.

వేసవికి వచ్చినప్పుడు ఆ మూడో ఇన్నింగ్స్ వీడియో కలిసి చూద్దాం. ఏడో వాక్ తర్వాత ఆపేస్తాను. మీరు మేనేజర్ (టీమ్ కోచ్ లాంటివాడు) అయితే బంతి ఆయన చేతిలోనే ఉంచుతారో, మారుస్తారో అప్పుడు చెప్పండి.

మీ
తాతయ్య