కాగితపు బొంత: ఒరిగామి బిళ్ళల కూర్పుపై అపోహలు – వాస్తవాలు

ఒరిగామి అంటే కాగితాన్ని మడిచి రూపాలు చేసే జపాన్ కళ. చతురస్రాకారపు కాగితాలను ఒకే తీరున బిళ్ళలుగా మడిచి, వాటిని వరుసలుగా తగిలించి తయారుచేసే అలంకరణను మాడ్యులర్ ఒరిగామి క్విల్ట్ అంటారు. పాత చీరల ముక్కలతో కుట్టే బొంతను ఎరిగిన మనకు దీని స్వరూపం కొత్త కాదు. నేర్చుకోవడానికి వచ్చేవారు ఎక్కువగా మడతలను చూసి భయపడతారు కానీ, ఈ పనిలో అసలు శ్రద్ధ పెట్టవలసినవి కొలత, అతుకు.

ఉదాహరణకు జపాన్ పిల్లలు ఆడుకునే మెన్కో బిళ్ళను తీసుకుందాం. రెండు రంగుల చతురస్రాలను ఒక్కొక్కదాన్ని మూడు సమాన భాగాలుగా మడిస్తే రెండు పట్టీలు వస్తాయి. ప్రతి పట్టీకీ కుడి కొసలో పై మూలను కిందికి, ఎడమ కొసలో కింది మూలను పైకి ఏటవాలుగా మడవాలి. రెండు పట్టీలనూ కూడిక గుర్తులా ఒకదానిపై ఒకటి పరచి, నాలుగు త్రికోణపు కొసలను వరుసగా మధ్యకు తిప్పి, చివరిదాన్ని మొదటిదాని కిందికి దోపితే బిళ్ళ పూర్తవుతుంది.

అపోహ: ఒరిగామి అంటే ఒకే కాగితం, ముక్కలు కలిపితే అది ఒరిగామి కాదు.

వాస్తవం: 1734లో జపాన్‌లో అచ్చయిన ఒక చిత్రగ్రంథంలోనే కాగితపు ముక్కలతో కూర్చిన ఘనం బొమ్మ కనిపిస్తుంది. మిత్సునోబు సోనోబే పేరుతో ప్రసిద్ధమైన ముక్కలు 6 కలిపితే ఘనం, 30 కలిపితే నక్షత్రపు బంతి తయారవుతాయి. జపాన్ ఒరిగామి కళాకారిణి తొమోకో ఫుసె ఇటువంటి కూర్పులకే ప్రసిద్ధులు. బొంత నమూనాలు కూడా రూపొందించారు.

అపోహ: మందపాటి కాగితమైతే బొంత గట్టిగా ఉంటుంది.

వాస్తవం: మెన్కో బిళ్ళ వైశాల్యానికి 18 రెట్లు కాగితం దానిలో ఇమిడి ఉంటుంది. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) రంగు జిరాక్స్ కాగితంతో చేసినా బిళ్ళ మందం దాదాపు 2 మిల్లీమీటర్లకు చేరుతుంది. డ్రాయింగ్ షీట్ వాడితే మడతలు పగులుతాయి, చివరి కొస దోపుడు పడదు. విదేశీ కాగితం అవసరమే లేదు; రెండు వైపులా రంగున్న జిరాక్స్ కాగితమే ఈ పనికి నాకు ఎక్కువ నచ్చుతుంది.

అపోహ: చతురస్రంలో కాస్త తేడా ఉన్నా మడతల్లో సర్దుకుంటుంది.

వాస్తవం: సర్దుకోదు, పోగుపడుతుంది. ఒక్కో బిళ్ళలో అర మిల్లీమీటరు తేడా వస్తే ఆరు బిళ్ళల వరుసలో అది 3 మిల్లీమీటర్లవుతుంది. అంత తేడా దూరం నుంచి కూడా కనిపిస్తుంది. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు కనుక 15 సెంటీమీటర్ల చతురస్రాలు రెండు రావడానికి సరిగ్గా 3 మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది. అందువల్ల నేను 14.7 సెంటీమీటర్ల కొలత ఎంచుకుంటాను. అది మూడుతో భాగిస్తే 4.9 వస్తుంది; స్కేలుతో గుర్తు పెట్టుకోవచ్చు, కంటి అంచనాతో మూడు మడతలు వేయవలసిన పని ఉండదు. పైగా ప్రతి ఏ4 నుంచి 6.3 సెంటీమీటర్ల వెడల్పున ఒక ముక్క మిగులుతుంది. దాన్ని పారవేయకూడదు.

అపోహ: జిగురు లేకుండా బొంత నిలవదు. దీనికి పూర్తిగా ఎదురైన అపోహ: జిగురు తాకిస్తే అది ఒరిగామి కాదు.

వాస్తవం: బిళ్ళలో జేబు, అంటే అతుకు పట్టీని దోపే ఖాళీ, ఎక్కడుందో తెలియకపోవడం వల్లనే ఈ రెండు మాటలూ పుడుతున్నాయి. మెన్కో బిళ్ళలో కింది పట్టీకీ పై పట్టీకీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. అది ఎదురెదురుగా ఉన్న రెండు అంచుల వద్ద మాత్రమే తెరుచుకుంటుంది. పైన పరచిన పట్టీ రంగు త్రికోణాలు ఏ అంచుల్లో ఉంటే అవే తెరిచిన అంచులు. పైన చెప్పిన మిగులు ముక్కను 4.7 సెంటీమీటర్ల వెడల్పుకు కత్తిరించి ఆ ఖాళీల గుండా పోనిస్తే, ఒకే పట్టీపై ఆరు బిళ్ళలు, అంటే 29.4 సెంటీమీటర్ల వరుస, జిగురు లేకుండా కాగితాల రాపిడితోనే నిలుస్తుంది. అయితే మిగిలిన రెండు అంచులూ మూసుకుని ఉంటాయి కాబట్టి, వరుసకూ వరుసకూ మధ్య వెనుక నుంచి సన్నని పట్టీలను జిగురుతో అతికించక తప్పదు. నాలుగు వైపులా జేబులుండే బిళ్ళల నమూనాలూ ఉన్నాయి, వాటికి ఈ అవసరం రాదు. జేబు ఉన్నచోట జిగురు పూయడం మాత్రం పనిని పాడుచేయడమే, ఎందుకంటే బిళ్ళ నలిగినప్పుడు దాన్ని మార్చే వీలు పోతుంది.

అపోహ: చక్కని డిజైన్ కావాలంటే మడతలు క్లిష్టంగా ఉండాలి.

వాస్తవం: బిళ్ళలన్నింటినీ ఒకే వాటంగా పేర్చితే చాలు. పక్కపక్క బిళ్ళల్లో ఒకే రంగు త్రికోణాలు అంచు వద్ద కలుసుకుని, బొంతంతటా రెండు రంగుల ఏటవాలు గళ్ళు ఏర్పడతాయి. ఆరు వరుసల బొంతకు 36 బిళ్ళలు, అంటే ఒక్కో రంగులో 18 ఏ4 కాగితాలు సరిపోతాయి. బరువు సుమారు 125 గ్రాములు, లోపలి పట్టీలు అదనం.

వేలాడదీసేటప్పుడు లోపలి పట్టీలు అడ్డంగా ఉండేలా చూసుకోవాలి. నిలువుగా ఉంటే బిళ్ళలు తమ బరువుకే పట్టీ వెంట కిందికి జారుతాయి. వానాకాలంలో చెమ్మకు కాగితం సాగుతుంది కనుక బయటి గోడలకు కాకుండా లోపలి గోడకు, నేరుగా ఎండ పడనిచోట తగిలించడం మంచిది.