స్పిన్నింగ్ రాడ్, రీల్ మన్నిక: అపోహలు – వాస్తవాలు

చేపల వేటకు వాడే స్పిన్నింగ్ రాడ్లు, వాటికి బిగించి లైన్ (గేలం దారం) చుట్టే రీళ్లు బాగుచేయడం నా పని. విరిగిన రాడ్ ఎవరు తెచ్చినా ముందు చెప్పే మాట దాదాపు ఒకటే: "పెద్ద చేప పడిందండీ, లాగేసరికి ఫట్‌మంది." నేను విరిగిన చోట వేలితో తడిమి చూస్తాను. చాలాసార్లు ఆ పక్కనే గోటికి తగిలేంత గాటు ఉంటుంది. ఎప్పుడో విసిరేటప్పుడు సీసం గుండు వచ్చి కొట్టుకున్న గుర్తు, లేదంటే కారు తలుపు మధ్య నలిగిన ఆనవాలు. ఆ రాడ్ చేప పడకముందే దెబ్బతింది. చేప బరువుకు అది బయటపడిందంతే.

ఇష్టంగా డబ్బు దాచుకుని కొన్న సామాను ఒక్క సీజన్‌కే మూలపడితే ఎంత బాధగా ఉంటుందో రోజూ చూస్తుంటాను. అందులో చాలావరకు తప్పించుకోదగ్గ నష్టమే. చిక్కు ఏమిటంటే, కొనేటప్పుడు మనం డబ్బా మీది అంకెలు చూస్తాం. మన్నిక మాత్రం బరువు పడే చోట్ల ఉంటుంది: గేరు పళ్లలో, లైన్ మలుపు తిరిగే చిన్న లైన్ రోలర్‌లో, లైన్ దూరి వెళ్లే రాడ్ రింగుల్లో, రాడ్ వంగే తీరులో. మంచినీటి వేటగాళ్ల దగ్గర నేను తరచుగా వినే మాటలు, బల్ల మీద విప్పినప్పుడు నాకు కనిపించేవి ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను.

అపోహ: బేరింగులు ఎన్ని ఎక్కువుంటే రీల్ అన్నాళ్లు వస్తుంది

డబ్బా మీద "10+1" అని ఉంటుంది. ఆ చివరి ఒకటి సాధారణంగా మామూలు బేరింగ్ కాదు, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే వన్-వే క్లచ్. మిగతా పదిలో కొన్ని హ్యాండిల్ పిడిలో, కొన్ని పెద్దగా బరువు పడని చోట్ల కూర్చుని ఉంటాయి. అవి చేతికి హాయిగా ఉంటాయేమో గానీ రీల్ ఆయుష్షును పెంచవు.

నిజంగా బేరింగ్ కావాల్సిన చోట్లు నాలుగే: పెద్ద గేరుకు రెండు వైపులా, దానితో కలిసి తిరిగే చిన్న గేరు (పినియన్) దగ్గర, లైన్ రోలర్‌లో. ఈ నాలుగు చోట్లా తుప్పు పట్టని మంచి బేరింగులు ఉన్న రీల్, నాసిరకం బేరింగులు పన్నెండు ఉన్న రీల్ కన్నా ఎక్కువ కాలం నడుస్తుంది. పైగా ప్రతి బేరింగూ ఇసుక, బురద చేరడానికి ఇంకో చోటు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది, ఎన్ని బేరింగులని అడగొద్దు, లైన్ రోలర్‌లో బేరింగ్ ఉందా లేక ప్లాస్టిక్ బుష్ ఉందా అని అడగమని.

లైన్ రోలర్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంట్ తీసుకున్న రీల్ దగ్గరి నుంచి ఇప్పటివరకూ ఈ రకం రీళ్ల సూత్రం ఒక్కటే: చుట్టేటప్పుడు స్పూల్ (లైన్ చుట్టుకునే ఉండ) గుండ్రంగా తిరగదు, లైనే దాని చుట్టూ తిరుగుతూ పడుతుంది. అంటే నీళ్లలోంచి నేరుగా వచ్చే లైన్ స్పూల్ ఎక్కే ముందు దాదాపు సమకోణంలో మలుపు తిరగాలి. ఆ మలుపు భారమంతా చిటికెన వేలి గోరంత ఉన్న ఆ రోలర్ మీదే పడుతుంది. అది బిగుసుకుపోతే లైన్ దాని మీద దొర్లడం మానేసి రాసుకుంటూ పోతుంది. కొన్నాళ్లకు రోలర్ మీద సన్నని గాడి పడుతుంది, ఆ గాడి లైన్‌ను తినేస్తుంది. కొనే ముందు ఒక లైన్ ముక్క రోలర్ మీద వేసి కాస్త బిగువుగా లాగి చూడండి. రోలర్ తిరగాలి. కొత్త రీల్‌లోనే తిరగకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

అపోహ: కార్బన్ అంకె ఎంత పెద్దదైతే రాడ్ అంత బలం

24 టన్నులు, 30 టన్నులు, 40 టన్నులు అని రాడ్ మీద రాసి ఉంటుంది. ఇది బలం లెక్క అనుకుంటారు. కాదు, అది బిరుసు లెక్క. రాడ్‌లో వాడిన కార్బన్ పోగు సాగకుండా ఎంత మొండికేస్తుందో చెప్పే అంకె అది. బిరుసు ఎక్కువున్న పోగుతో నేసిన కార్బన్ గుడ్డ తక్కువ చుట్టినా రాడ్ నిటారుగా నిలుస్తుంది. అందుకే ఆ రాడ్లు తేలిగ్గా ఉంటాయి, చేప మూతి తగిలినా చేతికి తెలుస్తుంది. కానీ గోడ పలచన. బాగా బిరుసైన పోగు తెగేలోపు సాగేది కూడా తక్కువే. దెబ్బ తగిలినా, అతిగా వంచినా ముందు పోయేది అదే.

గ్లాస్ ఫైబర్ రాడ్ ఇందుకు సరిగ్గా ఎదురు. బరువు ఎక్కువ, చురుకు తక్కువ. కానీ ఎంత వంచినా ఓర్చుకుంటుంది, పడవ అంచుకు కొట్టుకున్నా తట్టుకుంటుంది. రెండూ కలిపి చేసిన రాడ్లూ ఉన్నాయి. పిల్లలకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు, రాళ్ల మధ్య తిరుగుతూ వేటాడేవాళ్లకు నా ఓటు గ్లాస్‌కు, లేదా 24 టన్నుల దగ్గరుండే మామూలు కార్బన్‌కు. 40 టన్నుల రాడ్ చెడ్డదని కాదు. దాన్ని చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు అది అద్భుతమైన పనిముట్టు.

ఇంకో సంగతి. ఈ అంకెలు పోగు గురించి చెబుతాయి, ఆ పోగులను అంటించిన రెజిన్ అనే జిగురు గురించి గానీ, చుట్టిన పనితనం గురించి గానీ ఒక్క ముక్క చెప్పవు. ఒకే అంకె ఉన్న రెండు రాడ్లు బల్ల మీద రెండు రకాలుగా ప్రవర్తించడం నేను చూస్తూనే ఉన్నాను.

అపోహ: షాపులోనే కొస పట్టుకుని బాగా వంచి చూసుకోవాలి

దయచేసి ఈ పని చేయకండి. రాడ్ బరువు మోసేది పిడి వైపు లావుగా ఉన్న భాగంతో. రింగుల గుండా లైన్ లాగినప్పుడు వంపు కొస నుంచి కిందికి పాకుతూ వస్తుంది. చేత్తో కొస పట్టుకుని వంచితే ఆ బలమంతా పెన్సిల్ ములుకంత సన్నని చోటే పడుతుంది. ఆరోగ్యమైన రాడ్ కూడా అక్కడ విరుగుతుంది.

చేప దగ్గరికి వచ్చాక జరిగేదీ ఇదే. చేప కాళ్ల దగ్గర ఉంటుంది, వల అందుకోవాలన్న తొందరలో రాడ్‌ను నిలువుగా ఎత్తి ఇంకా వెనక్కి వాలుస్తారు. పిడికీ లైన్‌కూ మధ్య కోణం 90 డిగ్రీలు దాటితే నడుము భాగానికి పని ఉండదు, భారం మొత్తం కొసకు ఎక్కుతుంది. కొసకు ఒక అడుగు లోపల విరిగి వచ్చే రాడ్లలో నేను ముందుగా అనుమానించేది దీన్నే. రాడ్ కాస్త పక్కకు వాల్చి, ఒక అడుగు వెనక్కి వేసి చేపను వలలోకి నడిపించాలి. రాడ్‌తో చేపను గాల్లోకి ఎత్తడం మానుకోవాలి.

గేలం అడుగున దుంగకో రాయికో పట్టుకున్నప్పుడు కూడా అంతే. రాడ్ వంచి పీకొద్దు. రాడ్‌ను లైన్ పోయే దిక్కుకే చాపి, స్పూల్‌ను అరచేత్తో అదిమిపట్టి వెనక్కి నడవండి. అల్లిక లైన్ అయితే చేతికి చుట్టుకోకండి, చర్మం తెగుతుంది. ఒక కర్రముక్కకు చుట్టి లాగండి.

అపోహ: రీల్ డ్రాగ్ 10 కిలోలుంటే పెద్ద చేపకూ భయం లేదు

డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు స్పూల్ ఎంత బిగువు దగ్గర జారి లైన్ వదలాలో నిర్ణయించే బ్రేకు. లైన్ తెగే బరువు 3.6 కిలోలు అనుకుందాం, అంటే 8 పౌండ్ల లైన్. డ్రాగ్ బిగించాల్సింది అందులో పావు వంతు నుంచి మూడో వంతు వరకే, అంటే సుమారు 900 గ్రాముల నుంచి 1.2 కిలోల దాకా. రీల్ 10 కిలోలు పట్టగలిగినా ఈ లైన్‌తో ఆ శక్తికి పనే ఉండదు. చేతి త్రాసు ఒకటి లైన్‌కు కట్టి, రాడ్ వంపుతో సహా లాగి చూస్తే సరిగ్గా తెలుస్తుంది. ఒక్కసారి చూసుకుంటే చేతికి అంచనా వస్తుంది.

మంచినీళ్లలో డ్రాగ్ గురించి చూడాల్సింది ఎంత గట్టిగా పడుతుందని కాదు, ఎంత మెత్తగా కదులుతుందని. లైన్ నెమ్మదిగా లాగండి. స్పూల్ మొదట మొరాయించి, తర్వాత ఒక్క కుదుపుతో వదిలితే ఆ కుదుపుకే సన్నని లైన్ తెగుతుంది. మొదటి అంగుళం నుంచీ ఒకే తీరుగా జారాలి. ఇంటికి వచ్చాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. ముఖ్యంగా ఫెల్ట్ వాషర్లున్న రీళ్లలో, బిగించి వదిలేస్తే అవి అణిగిపోయి మెత్తదనం పోతుంది.

డ్రాగ్ జారుతుంటే హ్యాండిల్ తిప్పే అలవాటు కూడా మానుకోవాలి. 6.2:1 గేరు రీల్‌లో (హ్యాండిల్ ఒక చుట్టుకు, లైన్‌ను స్పూల్ చుట్టూ తిప్పే రోటర్ 6.2 చుట్లు తిరిగేది) అలా ఒక్క చుట్టు తిప్పితే లైన్‌కు ఆరుకు పైగా మెలికలు పడతాయి. చేప లాగుతున్నప్పుడు ఊరుకోండి. అది ఆగాక రాడ్ పైకి ఎత్తండి, దించుతూ చుట్టండి. రీల్ ఉన్నది లైన్ చుట్టడానికి. చేపను ఈడ్చే పని రాడ్‌ది. ఈ ఒక్క తేడా తెలిస్తే గేరు పళ్లు చాలాకాలం బతుకుతాయి.

అపోహ: లోహపు బాడీ కాకపోతే అది రీలే కాదు

ఉప్పునీటి పెద్ద చేపల మాట వేరు. చెరువుల్లో, నదుల్లో వాడే 1000 నుంచి 3000 సైజు రీళ్లకు కార్బన్ కలిపిన గట్టి ప్లాస్టిక్ బాడీ సరిపోతుంది. తుప్పు బెడదా ఉండదు. చూడాల్సింది బాడీ మెలితిరుగుతుందా లేదా అన్నదే. రీల్ కాలు ఒక చేత్తో, రోటర్ ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పండి. బాడీ వంగినట్టు అనిపిస్తే బరువు పడ్డప్పుడు లోపలి గేర్లు వరస తప్పుతాయి, పళ్లు సగం మీదే కొరుకుతాయి. లోహం అవసరమైన చోట్లు రెండు: గేర్లు, స్పూల్. నైలాన్ లైన్ సాగి చుట్టుకుని, స్పూల్ ఎక్కాక ముడుచుకుంటుంది. ఆ ఒత్తిడికి నాసిరకం ప్లాస్టిక్ స్పూల్ పగులుతుంది.

అపోహ: రెండు ముక్కల రాడ్ జాయింట్ దగ్గరే విరుగుతుంది

పూర్తిగా కూర్చున్న జాయింట్ దగ్గర విరగడం అరుదు. విసిరే కొద్దీ జాయింట్ వదులవుతుంది, ఎవరూ చూసుకోరు. అప్పుడు బరువంతా మూతి అంచు మీద పడి చీలుతుంది. అరగంటకోసారి చేయి వేసి బిగించండి, చాలు.

అపోహ: మంచినీళ్లే కదా, శుభ్రం చేయక్కర్లేదు

ఉప్పు లేకపోవచ్చు, ఒండ్రు ఉంటుంది. నీళ్లు తెచ్చే మెత్తని మన్ను గ్రీజులో కలిస్తే అది గేర్లకు సానరాయి పేస్టులా పనిచేస్తుంది. విప్పినప్పుడు గ్రీజు నల్లగా ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగులుతుంది. అది కొంత మన్ను, కొంత అరిగిపోయిన గేరు లోహం.

అలాగని పైపు పెట్టి జోరుగా కడగడం ఇంకా ప్రమాదం. ఆ జోరుకు మన్ను లోపలికి వెళ్తుంది. డ్రాగ్ బిగించి, తడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, ఆ తర్వాత డ్రాగ్ వదులు చేయండి. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకండి, అవి లోపలి గ్రీజును కరిగించి కడిగేస్తాయి. నూనె ఎక్కువేస్తే మంచిదన్న మాట కూడా తప్పే. గేర్లకు గ్రీజు, బేరింగులకు, లైన్ రోలర్‌కు ఒక్కో చుక్క నూనె. వన్-వే క్లచ్‌లోకి గ్రీజు పోతే దాని సన్నని రోలర్లు జారతాయి, సరిగ్గా గేలం బిగించే క్షణంలో హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరుగుతుంది. రీల్ పాడైందని తెచ్చినవాటిలో కొన్నింటికి ఆ గ్రీజు తుడవడం తప్ప నేను చేసింది ఏమీ లేదు.

రాడ్ రింగులు కూడా అప్పుడే చూడండి. దూది ముక్క ఒక్కో రింగులోంచి తిప్పుతూ లాగితే, సిరామిక్‌లో వెంట్రుకంత పగులున్నా పోగు చిక్కుకుంటుంది. ఆ పగులే లైన్‌ను తెంపేది.

అపోహ: గరగరలాడితే రీల్ పని అయిపోయినట్టే

ముందు చెవి పెట్టండి. స్పూల్ తీసేసి హ్యాండిల్ చాలా నెమ్మదిగా తిప్పండి. చుట్టుకు ఒక్కసారే టక్కుమంటే పెద్ద గేరునో, దాని పక్కనున్న బేరింగునో అనుమానించాలి. ఒక చుట్టులో ఐదారుసార్లు తగిలితే అది పినియన్ వైపు సంగతి. హ్యాండిల్ తిప్పితే నిశ్శబ్దంగా ఉండి, లైన్ బరువు పడ్డప్పుడు మాత్రమే కీచుమంటే ముందు లైన్ రోలర్ విప్పి చూడండి. అది చిన్న బేరింగుతో తీరే పని. పళ్లే అరిగి ఉంటే మాత్రం పెద్ద గేరు, పినియన్ రెండూ జతగా మార్చాలి. ఒక్కటే మారిస్తే పాత పళ్లు కొత్త పళ్లను కొద్ది వారాల్లోనే అరగదీసేస్తాయి.